ఎనిమిది ఎర్ర దారాలు

రాడిసావ్‌కి అరవై మూడేళ్ళు. మోకాళ్ళ నొప్పికి డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ వంటింట్లో గడియారం వెనక ఏడాదిగా అలాగే ఉంది. బండికి మందు పోయడం మాత్రం ఆయన ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

బండంటే ఇరవై రెండేళ్ళ నాటి ఆకుపచ్చ డీజిల్ కారు. అరిల్యే ఊళ్ళో దాన్ని ఎరగనివాళ్ళు లేరు. రాస్ప్‌బెర్రీ కోతల రోజుల్లో బుట్టలు మోసింది, మంచు పడినప్పుడు సగం వీధిని ఆసుపత్రికి మోసింది. ఫ్యాక్టరీలో లేతు మిషను మీద ముప్పై ఏడేళ్ళు పనిచేసి రిటైరైన రాడిసావ్‌కి ఆ బండి తర్వాతే ఎవరైనా. భార్య దేసాకి ఈ సంగతి తెలుసు. ఆమెకు కోపం లేదు, ఎందుకంటే బండి ఎదురు చెప్పదు, తను చెబుతుంది.

గ్యారేజీలో ఎడమ గోడకి ఒక చెక్క అర ఉంది. దాని మీద వరసగా సీసాలు. నాజిళ్ళు కడిగేది ఒకటి, చలికి డీజిల్ గడ్డకట్టకుండా ఆపేది ఒకటి, పొగ తగ్గించేది ఒకటి, అరిగిపోయిన ఇంజన్‌ని లోపలి నుంచి పూడ్చేస్తానని తన గురించి తానే రాసుకున్న బంగారు రంగు సీసా ఒకటి. చివర్న, రంపం మిషన్లో పోసే టూ-స్ట్రోక్ ఆయిల్ డబ్బా. ఈ చివరిది పెట్రోలు బంకు పక్క కాఫీ కొట్లో కూర్చునే ముగ్గురు పెన్షనర్ల ఉపదేశం: ట్యాంకు నిండా డీజిల్‌కి ఒక చిన్న కాఫీ కప్పుడు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు, చుట్టుపక్కల ఊళ్ళన్నీ పోస్తున్నాయి. రాడిసావ్ దాన్ని దగ్గు మందుతో వచ్చిన ప్లాస్టిక్ గిన్నెతో కొలిచి, కళ్ళ దగ్గరికి ఎత్తి పట్టుకుని, ఒక చుక్క ఎక్కువైతే మళ్ళీ డబ్బాలోకి వంచేవాడు. చర్చిలో కొవ్వొత్తి వెలిగించేటప్పుడు కూడా ఆయన అంత శ్రద్ధగా ఉండగా ఎవరూ చూడలేదు.

ఆయన సిద్ధాంతం ఒక్కటే. ఇంజన్ ఆయిల్ పాడవదు, అలిసిపోతుంది. బంగారు సీసా దాన్ని నిద్ర లేపుతుంది. అందుకని నాలుగేళ్ళుగా ఆయన ఆయిల్ మార్పించలేదు. ఇంజన్ మూత తీసి సీసా వంచడం, కొలత పుల్ల లాగి చూడడం, నల్లగా ఉన్న ఆయిల్‌ని చూసి "డీజిల్ బండిలో నలుపు ఆరోగ్యం" అనుకోవడం, అంతే. బండి నడుస్తోంది. బాగా నడుస్తోంది. కాఫీ కొట్టు దగ్గర ఆయన ఈ మాట చెప్పినప్పుడల్లా ముగ్గురు పెన్షనర్లూ తలలు ఊపేవారు.

నాలుగేళ్ళు అన్న లెక్క ఎక్కడిదంటే, బావమరిదితో మాటలు మానేసిన లెక్క.

దేసా తమ్ముడు తిహోమిర్ ఊరి చివర మెకానిక్కు. నవంబరులో పునీత దిమిత్రి పండుగ వాళ్ళ ఇంటి పండుగ. పిలవకపోయినా అందరూ వస్తారు, పిలవని వాళ్ళకే ముందు కుర్చీ దొరుకుతుంది. ఆ ఏడు రాడిసావ్ కొత్తగా కొన్న బంగారు సీసాను కోటు జేబులో పెట్టుకెళ్ళి, బల్ల మీద పెట్టి, దాని మహిమ చెప్పడం మొదలుపెట్టాడు. అప్పుడే కోడి సూపు వచ్చింది. తిహోమిర్ సీసా చేతిలోకి తీసుకుని, మీద రాసింది చదివి, వంటింటి వైపు తిరిగి కేకేశాడు.

"అక్కా, ఇలా రా! ఇందులోంచి రెండు చుక్కలు సూపులో వెయ్యి. కోడి లేచి పెరట్లోకి నడుచుకుంటూ పోతుంది!"

బల్ల చుట్టూ ఉన్న పాతికమందీ నవ్వారు. రాడిసావ్ ముఖం బీట్‌రూట్ అయింది.

"నవ్వరా, నవ్వు. నువ్వు చెయ్యి పెట్టిన బండి కింద బోల్టుకి ఎర్ర దారం కడతావు గదా, దిష్టి తగలకూడదని. అది ఏ కాలేజీలో నేర్పారు?"

"అందరి బండ్లకీ కట్టను బావా, మనవాళ్ళ బండ్లకే. అయినా నా దారం బయటుంటుంది, ఇంజన్ కడుపులోకి పోయి కూచోదు."

ఈసారి పండుగ రొట్టె కోయడానికి వచ్చిన ఫాదరు గారు కూడా గడ్డం తుడుచుకుంటూ నవ్వారు. పాతికమంది నవ్వినా ఓర్చుకున్నవాడు ఫాదరు గారి నవ్వుకి ఓర్చుకోలేకపోయాడు. చెంచా కింద పెట్టి లేచాడు.

"ఇవాళ్టి నుంచి నా బండి మీద నీ చెయ్యి పడితే నన్ను రాడిసావ్ అని పిలవకు."

అంతకు ముందు ఇరవై ఆరేళ్ళు ప్రతి శుక్రవారం ఇద్దరూ పేకాడుకున్నారు. ఆ శుక్రవారం నుంచి పేకముక్కలు సొరుగులో పడ్డాయి. ఒకే ఊరు, ఒకే రొట్టెల కొట్టు. ఎదురుపడితే ఒకరు ఆకాశం చూసేవారు, ఇంకొకరు చెప్పులు చూసుకునేవారు. ఏదైనా చెప్పుకోవాలంటే మధ్యలో దేసా.

"మీ తమ్ముడికి చెప్పు, చలికాలంలో కూడా నా బండి మొదటి తిప్పుకే అందుకుందని."

దేసా చెప్పి వచ్చేది. జవాబు మోసుకొచ్చేది.

"చలికి గడ్డకట్టకుండా పోసే మందు మంచిదేనంట, వాడూ పోస్తాడంట. నాజిళ్ళు కడిగేది ఏడాదికోసారి పోస్తే పోయిందేం లేదంట. మిగతావి పోసినవాడి మనశ్శాంతికేనంట. ఆకలేసినవాడికి రొట్టె పెట్టకుండా టానిక్ పట్టినట్టంట. వేళకి కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు, అంతేనంట."

"ఇంకేమన్నాడు?"

"ఇంకా అన్నాడు గానీ అది నేను దార్లో పారేశాను."

దేసా సంగతి కూడా కొంచెం చెప్పాలి. ఆవిడకి ఏడాదికి రెండుసార్లు, వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి, పోఝెగా పట్నంలో జుట్టు చేయించుకోవాలన్న కోరిక పుట్టేది. అరిల్యేలో సెలూన్లు లేక కాదు. "అక్కడి అమ్మాయి చెయ్యి మంచిది రాడే," అనేది. పొద్దున్న బండి తాళం తీసుకుని వెళ్ళి, మధ్యాహ్నానికి వచ్చేది. వెళ్ళిన జుట్టే తిరిగి వచ్చేది. రాడిసావ్ పేపరు మీంచి తల ఎత్తి ఒక చూపు చూసి "బాగుంది" అనేవాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ మాట ఎప్పుడు అనాలో ఆయనకి బాగా తెలుసు, ఏది చూసి అనాలో మాత్రం తెలియదు.

ఇంకో సంగతి. ప్రతి సెప్టెంబరులో దేసా ఎర్ర మిరపకాయలు కాల్చి, తొక్క తీసి, అయ్‌వార్ పచ్చడి చేసి సీసాలకెత్తేది. అలమర నిండేది. క్రిస్మస్‌కల్లా సగం ఖాళీ.

"ఎలుకలు మూతలు తీసి మరీ తింటున్నాయా?"

"మా తమ్ముడికి ఇచ్చాను. నువ్వు మాట్లాడకపోతే వాడు నా తమ్ముడు కాకుండా పోతాడా?"

రాడిసావ్ అలమర తలుపు మూసేసేవాడు.

ఇలా ఉండగా తిహోమిర్ కొడుకు ఓగ్న్యెన్‌కి పెళ్ళి కుదిరింది. అమ్మాయిది ఇవాన్యిత్సా పైన కొండ ఊరు. అక్టోబరులో ఒక ఆదివారం పెళ్ళి. పెళ్ళికొడుకు ఇంటి నుంచి బండ్లన్నీ వరసగా కొండెక్కి అమ్మాయిని తీసుకురావాలి. వరసకి ముందు జెండా పట్టుకునేవాడు ఉండాలి. ఆ జెండా ఇంటి అల్లుడిది. తిహోమిర్‌కి కూతుళ్ళు లేరు. ఆ ఇంటికి ఉన్న ఒక్కగానొక్క అల్లుడు రాడిసావ్.

ఓగ్న్యెన్ వచ్చి రోజ్‌మేరీ రెమ్మతో, రకియా అనే పళ్ళ సారా సీసాతో పద్ధతిగా పిలిచాడు. పుట్టినప్పటి నుంచి ఒళ్ళో ఆడిన పిల్లాడు. రాడిసావ్‌కి కళ్ళు చెమర్చాయి. చెమర్చిన కళ్ళతోనే అన్నాడు.

"జెండా పట్టుకుంటాను. కానీ నా బండిలోనే. ముందు నా బండే ఉండాలి."

ఓగ్న్యెన్ అత్త వైపు చూశాడు. దేసా తమ్ముడి దగ్గరికి వెళ్ళింది, జవాబు మోసుకొచ్చింది.

"జెండా నీదే, అందులో మాటే లేదంట. కానీ వెనకాల పెళ్ళికూతురు తెల్ల గౌనులో ఉంటుందంట. తిరిగి కొండ దిగేసరికి నీ పొగకి ఆ పిల్లని కసాయివాడు పొగబెట్టిన మాంసమనుకుని కొక్కానికి తగిలిస్తాడంట."

"ఏం కూశాడూ!"

"అదీకాక నీ బండి రిజిస్ట్రేషను అక్టోబరు మొదట్లో అయిపోతుందట గదా. టెస్టింగ్ సెంటర్లో పొగ పరీక్ష ఉంటుంది. అది పాసైతే ముందు నీ బండే. పాసవకపోతే జెండా పట్టుకుని వాడి వ్యానులో ముందు సీట్లో కూచోవాలి. పందెం అన్నాడు."

రాడిసావ్ వంటింట్లో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. అసలు సంగతి ఆయనకి తెలుసు. ఇది బండి సంగతి కాదు. నాలుగేళ్ళ కిందట పాతికమంది ముందు పోయిన పరువు రెండు వందల మంది ముందు తిరిగి రావాలి. రాకపోతే ఇంటి అల్లుడు బావమరిది వ్యానులో, టైర్ల మధ్య కూర్చుని, ఊరంతా చూస్తుండగా పోవాలి.

"సరే అని చెప్పు. కానీ నాదీ ఒక షరతు. పాసైతే విందులో మీ తమ్ముడు లేచి నిలబడాలి. నా సీసా బల్ల మీద పెడతాను. అది పనిచేస్తుందని అందరి ముందూ వాడి నోటితో చెప్పాలి."

దేసా కాసేపు భర్త ముఖంలోకి చూసింది. తర్వాత కొంగున్నట్టు ఏప్రను సర్దుకుని వెళ్ళింది. ఆగస్టు చివరి వారం అది. తిహోమిర్ ఒప్పుకున్నాడు.

సెప్టెంబరంతా రాడిసావ్ ఒక తపస్సు చేశాడు. కొలత గిన్నె రెండు గిన్నెలైంది. బంగారు సీసాలు రెండు ఖాళీ చేశాడు. ముగ్గురు పెన్షనర్లూ రోజూ కొత్త మార్గం చెప్పేవారు. ఒకడు కిరసనాయిలు కలపమన్నాడు, ఇంకొకడు పరీక్షకి ముందు రెండో గేరులో ఇంజన్ గొంతు పగిలేదాకా తోలి పొగగొట్టంలో మసి అంతా ఊదెయ్యమన్నాడు, మూడోవాడు ప్రార్థన చేయించమన్నాడు. మధ్యలో దేసా మిరపకాయలు కాల్చింది, ఒక రోజు పోఝెగా వెళ్ళి జుట్టు చేయించుకుని వచ్చింది. ఆయన "బాగుంది" అన్నాడు.

పెళ్ళికి ముందు బుధవారం ఉదయం టెస్టింగ్ సెంటరుకి బయల్దేరాడు. దారిలో రెండో గేరులో గొంతు పగిలేదాకా తోలాడు కూడా. అద్దంలో వెనక్కి చూశాడు. పొగ కనబడలేదు. అయినా ఆయనకి భయం వేసింది, బాగా వేసింది.

సెంటర్లో యాసెన్కా అనే ఇంజనీరమ్మ ఉంది. నలభై ఏళ్ళుంటాయి. ఎవరి మొహమాటానికీ లొంగదని పేరు. ఆవిడ ఇంజన్ ఆయిల్ చూసింది, పొగగొట్టంలో గొట్టం పెట్టింది, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కింది. ఇంజన్ అరిచింది. మళ్ళీ తొక్కింది. మళ్ళీ. రాడిసావ్ కళ్ళు మూసుకున్నాడు. మిషను కాగితం ఉమ్మింది.

"పాస్," అంది యాసెన్కా. కాగితం రెండోసారి చూసింది. "పాస్ కాదు, బ్రహ్మాండం. ఉండొచ్చన్న పొగలో మూడో వంతు కూడా లేదు. ఈ వయసు బండి ఇలా ఊపిరి తీసుకోవడం నేను చూళ్ళేదు. ఎవరు చూస్తారండీ దీన్ని?"

రాడిసావ్ ఛాతీ కోటు గుండీలు తెంపుకునేలా పొంగింది. జేబులోంచి బంగారు సీసా తీశాడు.

"నేనే. ఇదిగో, ఇదే రహస్యం."

యాసెన్కా సీసా చూసింది. ఆయన్ని చూసింది. మర్యాదస్తురాలు, నవ్వలేదు.

"ఒకసారి బండి కింది గోతిలోకి దిగండి. సైలెన్సర్ బిగింపు ఒకటి వదులవుతోంది, చూపిస్తాను."

రాడిసావ్ మోకాళ్ళని బతిమాలుకుంటూ గోతిలోకి దిగాడు. బండి పొట్ట తల మీద ఉంది. ఎనిమిదేళ్ళయింది ఆయన దాన్ని కింద నుంచి చూసి, నడుం సహకరించక. తిట్టుకుంటూ తల ఎత్తాడు. యాసెన్కా టార్చి వేసింది. వెలుగు సైలెన్సర్ దాటి ముందుకు పోయి ఇంజన్ అడుగున ఆగింది.

ఆయిల్ ఫిల్టర్ కొత్తది. మెరుస్తోంది. దాని మీద తెల్ల మార్కరుతో తేదీ, బండి తిరిగిన కిలోమీటర్లు రాసి ఉన్నాయి. సెప్టెంబరు పన్నెండు. దాని పక్కన రబ్బరు గొట్టం కొత్తది, క్లిప్పు కొత్తది. ఆయిల్ దించే బోల్టు పక్కనున్న ఇనప కమ్మీకి వరసగా ఎర్ర దారాలు కట్టి ఉన్నాయి.

ఆయన వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఎనిమిది. మొదటిది జిడ్డు పట్టి నల్లగా, గట్టిగా అయిపోయింది. చివరిది ఇంకా మిరపపండులా ఎర్రగా ఉంది.

"ఏవండీ, ఇదిగో ఈ బిగింపు," అంటోంది యాసెన్కా.

రాడిసావ్‌కి వినబడలేదు. ముందు చెంప మీద కొట్టినట్టయింది. నాలుగేళ్ళుగా అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి తన చెవిలో పువ్వు పెట్టారు! ముగ్గురు పెన్షనర్ల ముందు తను చెప్పిన గొప్పలన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చి ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళి అలమరలో మిగిలిన అయ్‌వార్ సీసాలన్నీ గోడకేసి కొట్టాలనిపించింది.

తర్వాత మళ్ళీ ఆ తేదీ వైపు చూశాడు. సెప్టెంబరు పన్నెండు. దేసా జుట్టు చేయించుకున్న రోజు. పందెం కాసింది ఆగస్టులో. అంటే తిహోమిర్ పందెం కాసిన తర్వాత, పొగ రాకూడదని బండిని బాగుచేశాడు. గెలవాలనుకున్నవాడు చేసే పనేనా ఇది? ఏమీ ముట్టుకోకుండా వదిలేస్తే బండి దానంతటదే ఓడిపోయేది. వాడికి కావలసింది గెలుపు కాదు. బావ బండి ముందు పోవడం కావాలి. దానికోసం రెండు వందల మందిలో నిలబడి, తన వృత్తి మీద తానే మన్ను పోసుకుని, సీసాకి దండం పెట్టడానికి ఒప్పుకున్నాడు.

రాడిసావ్ చెయ్యి చాపి మొదటి దారాన్ని, నల్లబడ్డదాన్ని, మెల్లిగా ముడి విప్పాడు. అది చేతిలోనే తెగింది. దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"బిగింపు సంగతి?" అంది యాసెన్కా.

"దాన్ని చూసేవాడు ఉన్నాడమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చాక దేసా గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఏమైంది?"

"పాసైంది."

"ఆహా, మందు గొప్పది కదూ," అంది దేసా, ముఖం అటు తిప్పుకుని.

రాడిసావ్ ఆమె వెనక నిలబడి జుట్టు వంక చూశాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో అంత పరీక్షగా చూడ్డం అదే మొదటిసారి. తెల్లబడింది. వెనకాల ఎప్పుడూ పెట్టుకునే అదే పాత దువ్వెన. ఏ సెలూనూ ఈ జుట్టుని ముట్టుకుని ఏళ్ళయింది.

ఆ మూడు రోజులూ ఆయన కాఫీ కొట్టు దగ్గరికి పోలేదు. గ్యారేజీలోకి వెళ్ళి అర ముందు నిలబడి వచ్చేవాడు. దేసా రెండుసార్లు నుదురు తాకి జ్వరం చూసింది.

ఆదివారం పొద్దున్న తిహోమిర్ ఇంటి ముందు పందిరి, బాకాల మేళం, రకియా వాసన. బండ్ల అద్దాలకి తువ్వాళ్ళు కట్టారు. రాడిసావ్ ఆకుపచ్చ బండి కడిగి తెచ్చాడు. తిహోమిర్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. సన్నబడ్డాడు. కొత్త కోటు వేసుకున్నా గోళ్ళలో నలుపు పోలేదు. నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి ఎదురెదురుగా నిలబడ్డారు. ఈసారి ఆకాశం చూడడానికి ఎవరికీ వీలు కాలేదు.

తిహోమిర్ జెండా కర్ర చేతికిచ్చాడు. "నీదే," అన్నాడు.

"తెలుసు," అన్నాడు రాడిసావ్.

అంతే. ఇరవై మూడు బండ్లు హారన్లు మోగించుకుంటూ కొండెక్కాయి. అన్నిటికంటే ముందు ఆకుపచ్చ బండి, కిటికీలోంచి జెండా. మలుపు మలుపుకీ రాడిసావ్ అద్దంలో చూశాడు. పొగ లేదు. వెనక, వ్యానులో, తిహోమిర్ ముఖం కనిపించింది. వాడు రోడ్డు చూడడం లేదు, ఆకుపచ్చ బండి పొగగొట్టాన్నే చూస్తున్నాడు, మొదటిసారి బడికి పోతున్న పిల్లాణ్ణి వెనకనుంచి చూసే తండ్రిలా. రాడిసావ్ కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. పక్కన కూర్చున్న దేసా, "దుమ్మా?" అంది.

"కొండ కదా," అన్నాడు.

అమ్మాయిని తెచ్చారు, పెళ్ళయింది, విందుకి పందిట్లో అందరూ కూర్చున్నారు. రెండు వందల మంది. ముందు వేడి వేడి కోడి సూపు వచ్చింది. పందెం సంగతి దేసా నోరు కట్టుకున్నా ముగ్గురు పెన్షనర్లు కట్టుకోరు కాబట్టి పందిరంతా తెలుసు. ఎవరో బల్ల మీద చెంచాతో కొట్టారు. ఫాదరు గారు గడ్డాన్ని సూపులోంచి కాపాడుకుంటూ తల ఎత్తారు. ఫోన్లు లేచాయి.

తిహోమిర్ గ్లాసు పట్టుకుని లేచాడు. ముఖం ఎర్రగా ఉంది. ముప్పై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ, ఆ నీళ్ళు పోయకండి, వేళకి ఆయిల్ మార్చండి అని చెప్పినవాడు. ఆ వచ్చినవాళ్ళు సగం మంది ఇక్కడే ఉన్నారు.

"పందెం పందెమే," అన్నాడు. గొంతు సర్దుకున్నాడు. "మా బావ బండి అందరూ చూశారు. ఇరవై రెండేళ్ళ బండి. నేనొకసారి వాగాను. ఇప్పుడు చెబుతున్నాను. మా బావ పోసే ఆ సీసా..."

దేసా కళ్ళెత్తలేదు. పళ్ళెం అంచుని వేలితో రుద్దుతోంది. నాలుగేళ్ళుగా రాడిసావ్ ఈ క్షణం కోసమే బతికాడు. రాత్రిళ్ళు పడుకుని ఈ మాటల్ని వాడి నోట్లో పెట్టి వినేవాడు. ఇంకో రెండు మాటలు ఆగితే చాలు.

ఆయన కోటు జేబులోంచి బంగారు సీసా తీసి, షరతు ప్రకారం, బల్ల మీద తిహోమిర్ ఎదురుగా పెట్టాడు.

సీసా మెడకి జిడ్డుపట్టిన దారం ఒకటి చుట్టి ఉంది. మడతల్లో, జిడ్డు అంటని చోట, ఎర్రగా.

తిహోమిర్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. దారాన్ని చూశాడు, అక్కని చూశాడు. దేసా దారాన్ని చూసి తెల్లబోయి, నేను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఆపావేం?" అన్నాడు రాడిసావ్.

"ఎప్పుడు చూశావు బావా?"

"బుధవారం. గోతిలోంచి. ఎనిమిది కట్టావు, ఒకటి నేను తెంపాను. దిష్టి తగిలితే పూచీ నాది."

"అక్కని ఏమనకు. నేనే తీసుకురమ్మన్నాను."

"కాదు, నేనే తీసుకెళ్ళాను," అంది దేసా. "మొదటిసారి వద్దన్నాడు. బావ మాట దాటినట్టవుతుందన్నాడు. నాలుగు సీసాల అయ్‌వార్ ఇస్తే గానీ ఒప్పుకోలేదు."

"ఇంకొకరి కోసం ఇంజన్ బాగుచేసి, ఓడిపోవడానికి పందెం కాసి, ఇంత మందిలో అబద్ధం చెప్పడానికి లేచినవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు," అన్నాడు రాడిసావ్. తిడదామనే మొదలుపెట్టాడు. చివరికొచ్చేసరికి అది తిట్టులా లేదు. "కూచోరా. కూచో. నువ్వేం చెప్పక్కర్లేదు."

తిహోమిర్ కూర్చున్నాడు. చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పందిట్లో మాత్రం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ముగ్గురు పెన్షనర్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"మళ్ళీ ఆయిల్ ఎప్పుడు?" అన్నాడు రాడిసావ్.

"ఏప్రిల్లో."

"నేనే తెస్తాను. సైలెన్సర్ బిగింపు కూడా ఒకటి వదులైందంట. దేసాని ఆ రోజు నిజంగానే సెలూన్‌కి పంపిద్దాం, పాపం నాలుగేళ్ళయింది."

"ఎందుకూ దండగ," అంది దేసా కళ్ళు తుడుచుకుంటూ. "ఎటూ బాగుందనే అంటావుగా."

తిహోమిర్ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే చెయ్యి చాపి సీసా అందుకున్నాడు. అలవాటు చెయ్యి, దానంతటదే మూత తిప్పింది. అంతలో నాలుగేళ్ళ కిందటి సూపు గుర్తొచ్చి చప్పున ఆగిపోయాడు. నవ్వు ముఖం మీదే గడ్డకట్టింది. భయంభయంగా బావ వైపు చూశాడు.

రాడిసావ్ ఆ చేతిని చూశాడు. ఎదురుగా పొగలు కక్కుతున్న తన సూపు పళ్ళేన్ని చూశాడు. ఫాదరు గారి వైపు కూడా ఒకసారి చూశాడు. తర్వాత రెండు చేతులతో పళ్ళేన్ని మెల్లిగా బావమరిది ముందుకి జరిపాడు.

"రెండే చుక్కలు," అన్నాడు. "కోడి లేచి నడిచిందా, అప్పుడు మాత్రం ఒప్పుకోవాలి."